ఇంటిగొంతు

షంషాద్ మేడం దగ్గర ఒక చట్రం ఉంది. ఎంబ్రాయిడరీ కుట్టే రింగుకు నల్ల గుడ్డ బిగించి ఆమే తయారు చేసుకుంది. మాట్లాడే ముందు దాన్ని నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పాప కళ్ళు పెదాల మీదికి పోకూడదు. పెదాలు చూసి మాట పోల్చుకోవడానికి అలవాటు పడితే చెవి బద్ధకిస్తుంది. అందుకని, చెవి మిషన్ పెట్టించుకున్న పసిపిల్లలకు మాటలు నేర్పే ఆ గదిలో పెద్దవాళ్ళంతా నోళ్ళు దాచుకునే మాట్లాడతారు. కొత్తగా వచ్చినవాళ్ళకు అది దొంగల సభలా ఉంటుంది.

"ఆ..." అంది మేడం చట్రం చాటునుంచి.

ఎదురుగా కూర్చున్న ఇందుజ, వినబడిందని గుర్తుగా ఒక గోళీని డబ్బాలో వేసింది.

"ష్..."

ఇంకో గోళీ.

"మ్..."

అన్నిటికంటే సన్నటి చప్పుడు అదే. పాప తల కొంచెం వాల్చి విని, గోళీ వేసి, గెలిచినదానిలా చూసింది.

"శభాష్! చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇప్పుడు నాన్న చెప్తారు. కానివ్వు మద్దిలేటన్నా."

మద్దిలేటి గోడ వారగా గొంతు కూర్చున్నాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే ఫ్యాక్టరీలో పని అతనికి. దుమ్ము పడకుండా ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకోవడం అలవాటు. ఈ గదిలో అదే చట్రంగా పనికొచ్చింది.

"ఆవును ఇయ్యి," అన్నాడు తువ్వాలు చాటునుంచి.

పాప బొమ్మల బుట్టలోంచి ఆవును తీసి అతని మోకాలి మీద నిలబెట్టింది. దూడను తీసి అతని కాలి వెనక దాచింది.

"నువ్వు చెప్పినట్టే ఆవు దూడను వెతుక్కుంటూ వచ్చింది నాన్నా. దూడ గడ్డివాము వెనక దాక్కుంది. దానికి ఆకలేస్తోంది, కానీ ఆట ఆపడం ఇష్టం లేదు."

గోడకున్న అద్దం వెనక గదిలోంచి చూస్తున్నవాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. నువ్వు చెప్పినట్టే అన్న మాట మద్దిలేటికి వినబడింది. దూడ సంగతి అతను ఎత్తనే లేదు. పిల్లలు ఏదో కల్పించుకుంటారులే అనుకున్నాడు.

తలుపు తీసుకుని డాక్టర్ ప్రభుదాస్ వచ్చాడు. పాప చెవి వెనక ఉన్న బిళ్ళలోని తెలివంతా ఆయన పెట్టిందే. మనిషి పొడుగు, చొక్కా ఎప్పుడూ నలిగి ఉంటుంది.

"మద్దిలేటి, పై వారం చాలా ఊళ్ళనుంచి డాక్టర్లు వస్తున్నారు. ఇందుజ స్టేజీ ఎక్కి మాట్లాడాలి. ఏమ్మా, మాట్లాడతావా?"

పాప ఎగిరి గంతేసింది. "అయితే ఆ రోజే వచ్చేస్తుందన్నమాట! ముందు వరుసలోనే కదా నాన్నా?"

"ఎవరు వస్తారు తల్లీ?" అని అడిగింది షంషాద్.

పాప పెదాల మీద వేలు పెట్టుకుని నవ్వింది. "నాన్నకు తెలుసు."

మద్దిలేటికి ఏమీ తెలియదు. ఏమీ అనలేదు కూడా. పాప మాత్రం అతని వైపు చూస్తూ, జవాబు విన్నట్టు తల ఊపింది.

*

నాపరాళ్ళ ఫ్యాక్టరీలో రంపం తిరుగుతున్నంతసేపు నోటికి పని ఉండదు. చేతులే మాట్లాడాలి. వేలు గాలిలో తిప్పితే నీళ్ళు వదలమని. రెండు పిడికిళ్ళు పుల్ల విరిచినట్టు చూపిస్తే బండ పగిలిందని. ముంజేతులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెడితే ఇంక చాలు, ఆపమని. మీసం రాకముందు నుంచీ ఆ రొదలో బతికినవాడు మద్దిలేటి. ఇంటికొచ్చినా నోరు పెగిలేది కాదు.

ఇంట్లో మాటలన్నీ అతని భార్య సుంకమ్మవే. "దేవుడు ఈ మనిషికి నోరిచ్చింది కూడు తినేదానికేనమ్మా," అని వీధి వీధికీ చెప్పేది. పాపకు చెవులు వినబడవని తెలియక ముందు, పాపతో కూడా అంతే వాగేది. పాప మాత్రం తండ్రి చేతులు చూసేది. రెండేళ్ళప్పుడు, కడుపు నిండాక ముద్ద పెట్టబోతే బుడ్డ చేతులు రెండూ అడ్డం పెట్టింది. సుంకమ్మ పళ్ళెం కింద పెట్టి పడీ పడీ నవ్వింది. "చూసినావా? ఫ్యాక్టరీని ఇంట్లోకే తెచ్చినావు! నా కూతురు నన్నే మిషన్ ఆపమంటాది!"

సుంకమ్మ అతని సొంత అక్క కూతురు. మేనరికం వల్ల కూడా ఇలా పుట్టొచ్చని ఒక డాక్టరు అన్న రోజునుంచి మద్దిలేటి అక్కతో మాట్లాడలేదు. తప్పు ఆమెదని కాదు. ఎవరో ఒకరిది కావాలి, అంతే.

ప్రభుత్వం డబ్బుతో పాప తల లోపల మిషన్ పెట్టారు. చెవి వెనక బిళ్ళ అంటించారు. సుంకమ్మ పాపను చంకనేసుకుని కర్నూలు బస్సెక్కి, షంషాద్ దగ్గర విద్య నేర్చుకొచ్చింది. విద్యంటే పెద్ద ఏమీ లేదు. పొద్దున లేచింది మొదలు చేసే ప్రతి పనీ పాపకు చెప్పాలి. బియ్యం కడిగితే కడుగుతున్నానని, నీళ్ళు తెల్లబడ్డాయని, పొయ్యి రాజుకోలేదని. ఆమెకు ఎవరో అడిగి మరీ తాంబూలం ఇచ్చినట్టయింది. ఇంకో షరతు కూడా ఉంది. సైగలు కూడదు. మద్దిలేటి చేతులు వెనక్కి కట్టుకోవాలి.

పాపకు గుప్పెడు మాటలు వచ్చాయో లేదో, సుంకమ్మకు జ్వరం తగిలింది. పసుపు చీర కట్టుకుని ఆటో ఎక్కి, పాపకు చెయ్యి ఊపి ఆసుపత్రికి పోయింది. మూటగా వచ్చింది. పాపను పక్కింట్లో ఉంచి పని ముగించారు. పసిదానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. తండ్రి చెబుతాడనుకున్నారు.

తండ్రి చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ తర్వాత వినబడినవి కూడు, రా, పండుకో, ఇంతే. పాప నేర్చిన గుప్పెడు మాటలూ ఎండిపోయాయి.

"చెవి తెరిచాం అన్నా," అని షంషాద్ కేకలేసింది. "లోపల పోసేదానికి మాటలు లేకపోతే తెరిచి ఏం లాభం? రోజంతా మాట్లాడాల. నీ బిడ్డకు వయసు దాటిపోతాంది."

అతను మాట్లాడదామనే చూశాడు. పొయ్యి ముందు కూర్చుని, "పొయ్యి," అన్నాడు. తర్వాత ఏమనాలో తోచలేదు.

అప్పుడు ప్రభుదాస్ అతన్ని గాజు గదిలో కూర్చోబెట్టి, చిన్నపిల్లల వాచకాలు ఇచ్చి, రోజుల తరబడి బిగ్గరగా చదివించాడు. వీధిబడి చదువు. వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. ఆ గొంతును బిళ్ళలోకి ఎక్కించారు. దానికి ఇంటిగొంతు అని పేరు.

"నీ మాటలో ఎక్కడ లోటుంటే అక్కడ మిషన్ పూరిస్తుంది," అన్నాడు డాక్టరు.

"గరుకు బండకు పాలిష్ పట్టినట్ల, అంతే కదా సార్?"

డాక్టరు కాస్త తటపటాయించి, "అలాగే అనుకో," అన్నాడు.

మద్దిలేటి అలాగే అనుకున్నాడు. ఏడాది తిరక్కుండా పాప వాక్యాలు వాక్యాలుగా మాట్లాడసాగింది. ఫ్యాక్టరీలో అతని పక్క రంపం మీద పనిచేసే కంబగిరి భోజనాల వేళ ఎగతాళి చేసేవాడు. "ఏమప్పా, నీ కూతురు రేడియోలో వార్తలు చదివినట్ల మాట్లాడ్తాది! నీకాడ యాడ నేర్చుకున్యాది? నీది నోరా, గడియ పెట్టిన తలుపా?"

"మేడం నేర్పిచ్చింది," అనేవాడు మద్దిలేటి. గర్వం బయటికి రాకుండా తువ్వాలు పైకి లాక్కునేవాడు.

*

ఆ ఆదివారం మంగలి చెన్నయ్య అంగడి తీయలేదు. వాళ్ళింట్లో చావు. మద్దిలేటి కిటికీ చువ్వకు అద్దం తగిలించుకుని, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, గడ్డానికి నురగ పట్టించాడు. పాప గడప మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటూ అతని ముఖాన్నే చూస్తోంది. తువ్వాలు లేని తండ్రి ముఖాన్ని ఆ పాప అంత దగ్గరగా, అంతసేపు చూసి చాలా కాలమైంది.

"నాన్నా, నోరు మూసుకుని ఎలా మాట్లాడుతున్నావు?"

అతని కత్తి ఆగింది. "ఏమంటివి?"

"ఇప్పుడు బోలెడు మాట్లాడావు కదా. పెదాలు కదలనే లేదు. నాకూ నేర్పవా?"

"నేనేం మాట్లాడినా?"

పాప నవ్వింది. పరీక్ష పెడుతున్నాడనుకుంది. షంషాద్ మేడం అలాగే అడుగుతుంది. విన్నది విన్నట్టు అప్పజెప్పింది.

"ఉగ్గాని వేడిగా ఉంది, ఊదుకుని తినమన్నావు. స్టేజీ మీద మాటలన్నీ చక్కగా చెబితే అమ్మ వస్తుందన్నావు. పసుపు చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంటుందన్నావు."

గడ్డం కింద కత్తి దిగింది. నురగ ఎర్రబడింది. అతను చూసుకోలేదు. వచ్చి పాప ముందు గొంతు కూర్చున్నాడు.

"నేనా మాట అనలేదు."

పాప అతని పెదాలనే చూస్తూ విని, చప్పట్లు కొట్టింది. "మళ్ళీ అన్నావు!"

"రాదు. మీయమ్మ రాదు, ఇందూ."

"తెలుసులే, మాటలన్నీ వచ్చేదాకా రాదన్నావుగా. ఇంకా కొన్ని మాటలే మిగిలాయి. రంపం అనడం కూడా వచ్చేసింది నాకు." అంతలో పాప కనుబొమలు ముడిపడ్డాయి. వేలితో అతని కింది పెదవిని తాకింది. "నీ నోరు కొంచెమే కదిలి ఆగిపోతుంది నాన్నా. మాట మాత్రం పొడుగ్గా వస్తూనే ఉంటుంది."

మద్దిలేటి పాప చెవి వెనక్కి చూశాడు. జుట్టు కింద బిళ్ళ మీద పచ్చదీపం వెలుగుతోంది.

*

"కూర్చో మద్దిలేటి," అన్నాడు ప్రభుదాస్.

"కూచ్చునేదానికి రాలేదు. నిన్న పొద్దున నా బిడ్డతో నేనేం మాట్లాడినానో నాకు వినిపించు."

సోమవారం తొలి బస్సుకు కర్నూలు వచ్చారు తండ్రీకూతుళ్ళు. పాప పక్క గదిలో బొమ్మలతో ఉంది. ప్రభుదాస్ అతని ముఖం చూశాడు, గడ్డం మీద గాటు చూశాడు, షంషాద్‌ను పిలిపించాడు. తర్వాత చెవులకు పెట్టుకునేది అందించాడు.

మద్దిలేటికి తన గొంతు వినబడింది.

తన గొంతే. దుమ్ముకు పట్టుకున్న దగ్గు లేదు. మధ్యలో తెగిపోవడం లేదు. బంగారు తల్లీ, అంటోంది ఆ గొంతు. ఈ ఉగ్గానిలో పచ్చిమిర్చి వేయలేదు, నీకోసమే తీసేశాను, అంటోంది. అమ్మకు కారమంటే ఎంత ఇష్టమో తెలుసా, అని నవ్వింది. అతను నవ్వి ఎంత కాలమైందో అతనికే గుర్తు లేదు. ఆ నవ్వు ఎక్కడ దొరికింది వీళ్ళకు?

అమ్మ వస్తుంది, అంది ఆ గొంతు. నువ్వు మాటలు నేర్చుకునే కొద్దీ అమ్మ దగ్గరికి వస్తుంది.

అతను దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"పాలిష్ అంటివి సార్. ఇది బండనే మార్చింది."

"నువ్వు ఒక మాట అంటే దాన్ని పది మాటలు చేస్తుంది. నువ్వు ఊరుకుంటే తనే మాట్లాడుతుంది. పసిపిల్ల చెవిలో రోజూ వేల మాటలు పడాలి మద్దిలేటి. నీ నుంచి రాలేదు."

"సుంకమ్మ వస్తాదని ఎవరు చెప్పమన్యారు దానికి?"

"ఎవరూ చెప్పమనలేదు. దానికి ఒకటే పని. పాప చేత ఎక్కువ మాట్లాడించాలి. ఏ సంగతి ఎత్తితే పాప ఎక్కువ మాట్లాడుతుందో ఆ సంగతే మళ్ళీ మళ్ళీ ఎత్తుతుంది. చీర సంగతి పాపే చెప్పి ఉంటుంది దానికి." ఆయన గొంతు తగ్గింది. "అమ్మ పేరు వచ్చినప్పుడల్లా పాప..."

"బాగా మాట్లాడింది."

"అవును."

"ఏడాది నుంచీ ఈ మాటలు మీరు వింటానే ఉన్యారా?"

"ఎన్ని మాటలు పడుతున్నాయో చూశాం. ఏం మాటలో వినలేదు."

షంషాద్ నల్ల చట్రాన్ని ఒడిలో పెట్టుకుని గుడ్డ అంచు పీకుతోంది. "మాటలు పొడిగిస్తాదని నాకు తెలుసన్నా. ఇంత దూరం పోయిందని తెలీదు."

"పొడిగిస్తాదని నాకేంటికి చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆ మాత్రం కూడా మాట్లాడవని." ఆమె తల ఎత్తింది. "అబద్ధమా?"



ప్రభుదాస్ కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "మా అన్నావదినా ఇటుక బట్టీలో పనిచేసేవాళ్ళు. వాళ్ళ కొడుక్కూ ఇలాగే మిషన్ పెట్టించాం. పొద్దున పోతే చీకటికి వచ్చేవాళ్ళు. వాడితో మాట్లాడేదెవరు? వాడిప్పుడు నా అంత ఉన్నాడు. చప్పుడు వినబడుతుంది, మాట తెలియదు. అదే మిషన్ పెట్టుకున్న మాస్టర్ల పిల్లలు పద్యాలు చదువుతున్నారు. మిషన్ అందరికీ ఒకటే. ఇల్లే ఒకటి కాదు. అందుకని ఇంటిని కూడా మిషన్‌లో పెట్టాను."

"పెడితివి. నన్ను బయటికి నెడితివి."

"పై వారం ఈ పని నలుగురికీ నచ్చితే నీ కూతురిలాంటి పిల్లలు ఎంతమందికో మాటలొస్తాయి. అంతవరకూ ఓపిక పట్టు. ఆ తర్వాత..."

"స్టేజీ మీద నిలబడి నా బిడ్డ ముందు వరుసలో ఎవురిని ఎతుక్కుంటాదో తెలుసునా నీకు?"

పక్క గదిలోంచి ఇందుజ పాడుకుంటున్న పాట వినబడింది.

ప్రభుదాస్ మెల్లగా అన్నాడు. "నిజం చెప్పాల్సిందే. ఇంటిగొంతు చేతే చెప్పిద్దాం. రోజుకింత, పాప తట్టుకునేలా, నీ గొంతుతోనే. కోపం తెచ్చుకోకు మద్దిలేటి. నువ్వు చెప్పలేవు. నీ దగ్గర ఆ మాటలు లేవు."

అది నిజం. మద్దిలేటికి కోపం రాలేదు. బల్ల మీద ఉన్నదాని వైపు చూశాడు. దానికి మాటలున్నాయి. దానికి నవ్వుంది. సుంకమ్మ కారం సంగతి కూడా దానికి తెలుసు. తన పనంతా అదే చేసి పెడుతుంది, తను తువ్వాలు చుట్టుకుని కూర్చుంటే చాలు. చెవులకు పెట్టుకునేదాన్ని మళ్ళీ తగిలించుకుని ఆ నవ్వును ఇంకొకసారి వినాలనిపించింది అతనికి. ఆ కోరిక పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సుంకమ్మ నా పెండ్లాం," అన్నాడు. "సచ్చిందని చెప్పేదానికి కూడా కూలికి మనిషిని పెట్టుకోను. తీసెయ్యి సార్."

"తీసేస్తే పాప చెవికి నీ గొంతు కొత్తది. నువ్వు కొత్తవాడివి. నిన్ను పోల్చుకోకపోవచ్చు."

"తీసెయ్యి."

"మరి స్టేజీ?"

"నువ్వెక్కు."

షంషాద్ లేచింది. పక్క గదిలోకి పోయి, పాప తల నిమిరి, బిళ్ళను తీసుకొచ్చి తీగకు తగిలించింది. పచ్చదీపం ఆరి మళ్ళీ వెలిగింది. చూడటానికి తేడా ఏమీ లేదు.

"అన్నా, ఇంక నీ నోట్లోంచి ఏమొస్తే అదే పడుతుంది ఆ చెవిలో," అంది. "చెప్పినాక తొందరపెట్టొద్దు. చెప్పి, ఊరుకుని, ఎదురు చూడాల. అది తనంతట తాను తిరగాల నీవైపు."

*

బస్సులో మద్దిలేటి నోరు విప్పలేదు. బిళ్ళలోంచి కూడా ఎవరూ మాట్లాడలేదు. పాప చేత్తో చెవి మీద తట్టుకుంది. "నాన్నా, ఏమైనా చెప్పు. చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయని చెప్పవా?" అని అడిగింది. అతను భయపడి తువ్వాలు కళ్ళదాకా లాక్కున్నాడు. పాప అతని ఒడిలో నిద్రపోయింది.

బేతంచెర్లలో దిగి ఇంటికి పోలేదు. ఊరి బయట, పాత గనికి అవతల పూడ్చిపెట్టే చోటుకు తీసుకుపోయాడు. సుంకమ్మ మీద కప్పిన బండ అతను కోసిందే. అద్దంలా పాలిష్ పట్టించాడు గానీ పేరు చెక్కించలేదు. ఏం రాయాలని అడిగితే ఆ రోజు కూడా అతనికి తోచలేదు.

తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఇందూ."

పాప ఉలిక్కిపడి వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. "ఎవరు నాన్నా పిలిచింది?"

"నేనే."

పాప అతని నోటి వైపు చూసింది. నోరు కదిలినంతే మాట వచ్చింది. కదిలినప్పుడే వచ్చింది. గరుకుగా, తెగుతూ, దగ్గుతో కలిసి వచ్చింది. పాప ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీయమ్మ ఈడుంది. జరమొచ్చింది. సచ్చిపోయింది. రాదు." ఊపిరి తీసుకున్నాడు. "స్టేజీ కాడికి రాదు. యాడికీ రాదు. నువ్వెన్ని మాటలు నేర్చినా రాదు. వస్తాదని చెప్పింది నేను కాదు."

"అబద్ధం," అంది పాప. "నాన్న చెప్పాడు."

"నేనే మీ నాయన."

"కాదు. మా నాన్న గొంతు ఇలా ఉండదు. మా నాన్న నవ్వుతాడు. నాకు కథలు చెబుతాడు. నన్ను బంగారు తల్లీ అంటాడు." పాప గొంతు పెరిగింది. మేడం నేర్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా, స్పష్టంగా పలుకుతోంది. "మా నాన్నను ఏం చేశావు? మా నాన్నను పిలువు."

బంగారు తల్లీ అంటే సరిపోయేదేమో. ఆ మాట అతని నాలుక మీదికి వచ్చింది. అది ఆ గొంతు మాట. దాన్ని అరువు తెచ్చుకోలేకపోయాడు.

"ఆ నాన్న లేడు," అన్నాడు.

పాప అతన్ని చాలాసేపు చూసింది. చెయ్యి పైకెత్తి, జుట్టు కిందినుంచి బిళ్ళను పీకి విసిరికొట్టింది. అది తల్లి మీది బండకు తగిలి టక్కుమంది. ఆ చప్పుడు మద్దిలేటికి వినబడింది. పాపకు వినబడలేదు. బండకు వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఏడుపు లేదు. చెవి మూసుకుపోయింది. ఒక్క పూటలో ఆ పసిదానికి ఇద్దరు పోయారు.

మద్దిలేటి ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు మాటలొచ్చాయి అతనికి.

సుంకమ్మ బియ్యం కడుగుతూ బియ్యంతో కూడా తగవు పెట్టుకునేదని చెప్పాడు. ఉప్పు ఎక్కువైతే తప్పు ఉప్పుదే అనేదని చెప్పాడు. పసుపు చీర తను కొన్నది కాదని, పెళ్ళికి వాళ్ళమ్మ పెట్టిందని, ఆ వాళ్ళమ్మ తన అక్కేనని, ఆమెతో తను మాట్లాడటం లేదని, ఎందుకో చెప్పడానికి కారణం కూడా సరిగ్గా లేదని చెప్పాడు. ఆటో ఎక్కేటప్పుడు, పాపకు పాలు పట్టించు, మరిచిపోతావు, అందని చెప్పాడు. మరిచిపోయానని చెప్పాడు. ఆ రోజు నుంచీ ఇల్లు రంపం ఆగిపోయిన ఫ్యాక్టరీలా ఉందని, ఆ నిశ్శబ్దంలో ఎట్లా మాట్లాడాలో తనకెవరూ నేర్పలేదని చెప్పాడు. దగ్గు వచ్చింది. దగ్గుతూనే చెప్పాడు. షంషాద్ రోజూ అడిగిన మాటలన్నీ, ప్రభుదాస్ నీ దగ్గర లేవన్న మాటలన్నీ ఆ బండ ముందు పోశాడు. వినే చెవి లేదు.

పాప అతని నోటినే చూస్తోంది. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, ఆగడం లేదు. దాని ముఖంలో ఏమీ తెలియడం లేదు.

కొంతసేపటికి పాప మోకాళ్ళ మీదినుంచి చేతులు తీసింది. రెండు ముంజేతులనూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టింది.

మద్దిలేటి నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. ఆ సైగ ఏ బిళ్ళలోంచీ వచ్చింది కాదు.

లేచి, గడ్డిలో పడిన బిళ్ళను వెతికి తెచ్చాడు. తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. ఊదాడు. తెచ్చి పాప ముందు అరచేతిలో పెట్టి చాచాడు. ఏమీ అనలేదు. చేత్తో కూడా ఏమీ చెప్పలేదు. చెప్పి, ఊరుకుని, ఎదురు చూడాలని షంషాద్ అంది.

గని అవతల ఫ్యాక్టరీలో రంపాలు ఆగాయి. కూలీలు తువ్వాళ్ళు దులుపుకుంటూ దారి పట్టారు. కంబగిరి దూరంనుంచి అతన్ని చూసి చెయ్యి ఎత్తబోయి, దించేసి, తల వంచుకుని పోయాడు.

పాప ఆ అరచేతి వైపు చూసింది. అతని ముఖం వైపు చూసింది. బిళ్ళ తీసుకోలేదు.

అతను చెయ్యి ముడవలేదు.